పెళ్ళిరోజు భోజనానికి ఇటాలియన్ రెస్టారెంట్: ఏం అడగాలి, ఏం ఆర్డర్ చేయాలి?

ప్రశ్న: వచ్చే నెల మా పదో పెళ్ళిరోజు. ఈసారి ఏర్పాట్లన్నీ నేనే చేసి మావారిని మంచి ఇటాలియన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాను. ఇన్నేళ్ళలో మేం పిజ్జా తప్ప ఆ వంటలేవీ తిన్నది లేదు. నేను శాకాహారిని, గుడ్డు కూడా ముట్టను. ఆయన అన్నీ తింటారు. ఇద్దరికీ మందు అలవాటు లేదు. మెనూ ఆన్‌లైన్‌లో చూశాను గానీ సగం పేర్లు అర్థం కాలేదు. అక్కడ తెల్లమొహం వేయకుండా ఏం తెప్పించుకోవాలో, ఎలా తినాలో చెప్పండి. ఆయన కోసం ఒక ఉంగరం కొన్నాను. దాన్ని డెజర్ట్‌లో పెట్టించి ఇద్దామని ఆలోచన. బాగుంటుందా?

జవాబు: ఉంగరం సంగతి ముందు తేల్చేద్దాం. డెజర్ట్‌లో పెట్టించొద్దు. చూసుకోకుండా కొరికితే పన్ను విరుగుతుంది, మింగితే నేరుగా ఆస్పత్రికే. ఆ రెండూ జరక్కపోయినా, రాయి పొదిగిన ఉంగరమైతే ఆ సందుల్లోకి క్రీమ్ దూరి జిడ్డు పట్టేస్తుంది. ఆయన వేలికి తొడిగే ముందు మీరు టిష్యూతో తుడుస్తూ కూర్చోవాలి. గ్లాసులో వేయించడమూ ఇంతే. పెట్టె మీ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంచుకోండి. ఎప్పుడు ఇవ్వాలో కిందకొచ్చాక చెబుతాం.

ఇక భోజనం. ఇటాలియన్ భోజనం విడతలుగా వస్తుంది. ఒకటి తిన్నాక కాస్త ఆగి ఇంకొకటి. ఇద్దరూ తీరిగ్గా మాట్లాడుకోవడానికి దొరికేది ఆ ఆగే సమయమే. చాలామంది దాన్నే చేజేతులా పాడుచేసుకుంటారు. కూర్చున్న అయిదు నిమిషాల్లో అన్నీ గంపగుత్తగా ఆర్డర్ చేస్తారు, వంటగది వాళ్ళు తయారైనవి తయారైనట్టు పంపేస్తారు, చిన్న బల్ల మీద నాలుగు ప్లేట్లు ఇరుక్కుంటాయి, ముప్పావు గంటలో బిల్లు వచ్చేస్తుంది. కాబట్టి ఏం తినాలన్నదాని కంటే ఎంత నిదానంగా తెప్పించుకోవాలన్నదే ఆ రాత్రికి ముఖ్యం.

మెనూలో కనిపించే వరస ఇది. మొదట యాంటిపాస్టి, అంటే తినడం మొదలుపెట్టే చిన్న చిన్న ఐటమ్స్. తర్వాత ప్రీమి. పాస్తా, రిసోట్టో (జారుగా వండే అన్నం), న్యోకీ (బంగాళాదుంప ఉండలు), సూప్ లాంటివి ఈ భాగంలో ఉంటాయి. ఆపైన సెకోండి, అంటే మాంసం, చేప. వాటికి తోడుగా విడిగా తెప్పించుకునే కూరగాయలు, సలాడ్లు కొంటోర్ని. చివర డోల్చి, తీపి. ఇవన్నీ ఒక్కొక్కరూ తినాలన్న రూలేం లేదు. ఇటలీలోనే చాలామంది రెండు మూడు విడతలతో సరిపెట్టుకుంటారు. పేర్లు పలకడం గురించి బెంగ పెట్టుకోకండి, మెనూ మీద వేలు పెట్టి చూపిస్తే చాలు.

మీ ఇద్దరి విషయంలో ఒక చిక్కుంది. సెకోండి దాదాపు అంతా మాంసాహారమే. ఆయన ముందు చేప ప్లేటు వచ్చినప్పుడు మీరు ఖాళీ బల్ల ముందు కూర్చుంటారు. అందుకని ఇలా చేయండి. యాంటిపాస్టిలో ఒక శాకాహార ప్లేటు ఇద్దరూ పంచుకోండి. ప్రీమిలో ఒకే రిసోట్టో ఇద్దరికీ చెప్పండి. చాలా చోట్ల రిసోట్టోని ఎలాగూ ఇద్దరికి తక్కువ కాకుండానే వండుతారు. తర్వాత ఆయనకి ఒక సెకోండి వంటకం, మీకు అదే సమయానికి వచ్చేలా ఒక వంకాయ వంటకమో, రెండు కొంటోర్నియో. చివర రెండు చెంచాలతో ఒక తీపి. ఇద్దరికి ఇది నిండైన భోజనం. ఆకలి మితంగా ఉండేవాళ్ళయితే సెకోండి పూర్తిగా మానేసి, చెరొక పాస్తాతో ముగించినా ఏ లోటూ ఉండదు.

రిసోట్టో ఎందుకంటే, బియ్యం పచ్చిగా వేసినప్పటి నుంచి వేడి స్టాక్ (కూరగాయలో, మాంసమో ఉడికించి వడకట్టిన నీళ్ళు) కొంచెం కొంచెంగా పోస్తూ కలిపి దించడానికి 18 నుంచి 20 నిమిషాలు పడుతుంది. ఆ వంట తొందరపడదు. మీక్కావలసిందీ అదే. పది నిమిషాల్లోపే వచ్చేసిందంటే ముందే సగం ఉడికించి పెట్టుకున్న అన్నమని అర్థం. పెద్ద రెస్టారెంట్లలో కూడా రద్దీ ఉన్నప్పుడు అలా చేస్తారు, అదేం నేరం కాదు. ప్లేటులో అది జారుగా, పక్కకి వంచితే మెల్లగా పాకేలా ఉండాలి. గింజ మధ్యలో పంటికి కాస్త తగులుతుంది. ఉడకలేదని వెనక్కి పంపకండి, అలాగే ఉండాలి. అయితే అయిదారు నిమిషాలు ఊరికే వదిలేస్తే గట్టిపడి ముద్దకడుతుంది.

మీరు శాకాహారి కాబట్టి ఈ రిసోట్టో గురించే నాలుగు ప్రశ్నలు అడగాలి. స్టాక్ కూరగాయలదా, చికెన్‌దా? పుట్టగొడుగుల రిసోట్టో అని రాసి ఉన్నా అడుగున పోసేది చికెన్ స్టాక్ కావచ్చు. కుంకుమపువ్వు వేసే మిలానో రిసోట్టోలో సంప్రదాయంగా ఎముకల మూలుగ కూడా పడుతుంది. రెండో ప్రశ్న, వైన్. బియ్యం వేయించగానే వైట్ వైన్ పోసి ఆవిరయ్యేదాకా ఉంచడం దాదాపు ప్రతి రిసోట్టోలోనూ మామూలే. ఆల్కహాల్ చాలావరకు పోతుంది గానీ మొత్తం పోదు. వంటలో కూడా వద్దనుకుంటే ముందే చెబితే వైన్ లేకుండా చేయగలరు. మూడోది చీజ్. దించే ముందు వెన్న, పార్మెజాన్ కలుపుతారు. అసలు పార్మిజానో రెజ్జానో తయారీలో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడి తీరాలన్నది దాని నిబంధన. పెకోరినో రొమానోకి గొర్రెపిల్లది. గ్రానా పడానోలో దూడ రెనెట్‌తో పాటు గుడ్డు నుంచి తీసిన లైసోజైమ్ అనే పదార్థం కూడా సాధారణంగా ఉంటుంది. శాకాహారుల్లో కొందరు దీన్ని పట్టించుకోరు, కొందరికి ససేమిరా పనికిరాదు. మీకెలాగో మీరే తేల్చుకోండి. కాకపోతే అక్కడ టేబుల్ దగ్గర కాదు, ఇంట్లోనే తేల్చుకుని వెళ్ళండి. నాలుగోది, ఉప్పదనం కోసం ఎక్కడైనా ఆంచోవీ చేప వాడారా అన్నది. రిసోట్టోలో అరుదు గానీ, సాస్‌లలో, సలాడ్ డ్రెస్సింగ్‌లలో కరిగిపోయి కంటికి కనబడదు. పుత్తనెస్కా అనే టొమాటో సాస్‌లో తరచు ఉంటుంది.

ఆ చీజ్ పనికిరాదనుకుంటే రిసోట్టో వదిలేసి పెన్నే అరాబియాతా తీసుకోండి. టొమాటో, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆలివ్ నూనె, అంతే. పైన చీజ్ చల్లొద్దని చెబితే సరి. పెన్నే, స్పగెట్టి, రిగటోని లాంటి ఎండు పాస్తా సాధారణంగా గోధుమరవ్వ, నీళ్ళతోనే చేస్తారు. తాలియతెల్లె, పప్పార్దెల్లె, రావియోలి లాంటి తాజా పాస్తాలో గుడ్డు కలపడమే రివాజు, అవి మీకు కుదరవు. న్యోకీ బంగాళాదుంపతో చేసేదే అయినా చాలా చోట్ల పిండి విరగకుండా గుడ్డు వేస్తారు, అడగాలి. వంకాయ పొరల పార్మిజానాలో కూడా వంకాయని గుడ్డులో ముంచి వేయించే అలవాటు కొందరికుంది. వేయించిన ఐటమ్స్ ఏవి చెప్పినా, స్క్విడ్ అనే సముద్రజీవిని వేయించిన నూనెలోనే వేయిస్తున్నారా అని కూడా ఒక మాట కనుక్కోండి.

మొదటి ప్లేటుకి బ్రుస్కెట్టా మంచిది. కాల్చిన రొట్టెకి వెల్లుల్లి రుద్ది, పైన టొమాటో ముక్కలు, తులసి జాతి బేసిల్ ఆకు, ఆలివ్ నూనె వేస్తారు. రాగానే తినాలి, టొమాటో నీరు దిగితే రొట్టె మెత్తబడి చేతిలోనే విరిగిపోతుంది. లేదంటే కపొనాతా, వంకాయ, సెలెరీ, ఆలివ్‌లతో పుల్లపుల్లగా తియ్యతియ్యగా ఉండే సిసిలీ వంట. బుర్రాటా పేరు ఈ మధ్య ప్రతి మెనూలోనూ కనిపిస్తోంది. మొజరెల్లా సంచిలో క్రీమ్, చీజ్ పోగులు నింపి కట్టినది. ఫ్రిజ్‌లోంచి తీసి అప్పుడే పెడితే రుచీ పచీ ఉండదు. చల్లగా అనిపిస్తే పది నిమిషాలు అలా ఉంచి, పైనుంచి నిలువుగా కోయండి, పక్క నుంచి కోస్తే క్రీమ్ మీ వైపు చిమ్ముతుంది. దీనిక్కూడా రెనెట్ ప్రశ్న వర్తిస్తుంది. ఒకటే జాగ్రత్త, బుర్రాటాతో మొదలుపెట్టి, మధ్యలో క్రీమ్ సాస్ పాస్తా తిని, టిరామిసు అనే కాఫీ, మీగడ చీజ్ తీపితో ముగిస్తే మూడు విడతలూ పాలమీగడే. రెండోది అయ్యేసరికే ఇద్దరికీ నిద్రొస్తుంది. ఒకటి బరువుగా ఉంటే పక్కది టొమాటో, నిమ్మ, కూరగాయల వైపు ఉండేట్టు చూసుకోండి.

ఆయనకేం చెప్పాలన్నది సులువే. సెకోండిలో కాల్చిన చేపయితే తేలిగ్గా ఉంటుంది, కానీ మొత్తం చేపని చాలా చోట్ల 100 గ్రాములకి ఇంతని ధర కడతారు. మెనూలో చిన్న అంకె చూసి మోసపోవద్దు, తూకమెంతో అడిగి చెప్పండి. తురిమి వేసే ఖరీదైన పుట్టగొడుగు, ట్రఫుల్‌కీ ఇంతే, గ్రాముల లెక్క. వెయిటర్ నోటితో చెప్పే ‘ఈరోజు స్పెషల్’కి ధర అడగడం మొహమాటమేం కాదు. మెనూలో ఫ్లోరెన్స్ స్టేక్ ఉంటే దాని జోలికి పోకండి. అది ఎముకతో కలిపి కిలో, ఆ పైన ఉంటుంది, లోపల ఎర్రగానే వడ్డిస్తారు, ఇద్దరు ముగ్గురు మాంసాహారులు కలిస్తే తప్ప అవదు. ఆయన పాస్తాతో ముగిద్దామంటే కార్బొనారా మంచి ఎంపిక. పచ్చసొన, పెకోరినో, మిరియాలు, పంది చెక్కిలి మాంసం వేస్తారు. అసలైన దాంట్లో క్రీమ్ ఉండదు. పంది మాంసం తినకపోతే టొమాటోతో వండిన చికెన్ కచ్చాతోరా అడగండి. వైన్ మాట దానిక్కూడా చెప్పాలి.

ఇక టేబుల్. ఆన్‌లైన్‌లో బటన్ నొక్కి బుక్ చేస్తే మీ మాట ఎవరికీ చేరదు. ఫోన్ చేయండి, అదీ మధ్యాహ్నం మూడు నాలుగు మధ్య. భోజనాల వేళ చేస్తే వినే తీరిక వాళ్ళకుండదు. పెళ్ళిరోజని చెప్పి, గోడ వారగా ఉన్న టేబుల్ అడగండి. వంటగది తలుపు పక్కన, టాయిలెట్ దారిలో, ఏసీ గాలి నేరుగా తగిలేచోట, స్పీకర్ కింద వద్దని విడమరచి చెప్పాలి. ‘మంచి టేబుల్ ఇవ్వండి’ అంటే వాళ్ళు ఖాళీగా ఉన్నదే ఇస్తారు. టేబుల్ ఎంతసేపు మీదో కూడా అడగండి. రద్దీ రోజుల్లో గంటన్నరకో రెండు గంటలకో ఖాళీ చేయాలన్న షరతు ఉంటుంది. మీకు కనీసం రెండున్నర గంటలు కావాలి. శాకాహారం, గుడ్డు, వైన్, చీజ్ గురించి పైన చెప్పినవన్నీ ఈ ఫోన్‌లోనే అడిగేసి, బుకింగ్‌లో రాసుకోమనండి. ఆ రాత్రి ఆయన ముందు వెయిటర్‌ని పావుగంట ఇంటర్వ్యూ చేసే పని తప్పుతుంది. చేరాక గుర్తు చేస్తే చాలు.

పూల బొకే తీసుకెళ్ళే ఆలోచన ఉంటే మానుకోండి. ఇద్దరు కూర్చునే బల్ల తరచు 60, 70 సెంటీమీటర్ల చదరం. పాస్తా ప్లేట్లే ఒక్కోటి 28 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. రెండు ప్లేట్లు, రొట్టెల బుట్ట, నీళ్ళ సీసా, కొవ్వొత్తి పెట్టాక అరచేయంత జాగా కూడా మిగలదు. పక్కన ఖాళీ కుర్చీ అడిగి దాని మీద పెట్టాల్సి వస్తుంది. బట్టల్లో కూడా ఒక జాగ్రత్త, తెల్లటివీ లేతరంగువీ వద్దు. టొమాటో సాస్‌లో పొడుగు పాస్తా ఎంత జాగ్రత్తగా తిన్నా ఒకటి రెండు చుక్కలు చిందుతాయి.

పొడుగు పాస్తా తినాల్సి వస్తే పద్ధతి ఇది. గుట్ట మధ్యలో ఫోర్కు గుచ్చి తిప్పితే సగం ప్లేటు దానికి చుట్టుకుని నోట్లో పట్టనంత ఉండ అవుతుంది. అలా కాకుండా, అంచు నుంచి మూడు నాలుగు పోగులు మాత్రం ఫోర్కు మొనలతో పక్కకి లాగండి. ఖాళీ చేసిన ఆ చోట ఫోర్కుని నిటారుగా ప్లేటుకి ఆనించి, ఎత్తకుండా ఒకే దిక్కుగా తిప్పండి. తోకలు లేకుండా చుట్టుకున్నాక ఎత్తండి. చెంచా సాయం అక్కర్లేదు, కత్తితో కోయకండి. ఈ తంటా అంతా వద్దనుకుంటే పెన్నే, రిగటోని లాంటి పొట్టివి చెప్పుకోవడమే. పీతలు, ఆల్చిప్పలు పెంకులతో వచ్చే వంటలు, స్క్విడ్ సిరా వేసిన నల్ల పాస్తా ఆయనకి ఎంత ఇష్టమైనా ఈ ఒక్కరోజుకి వద్దనండి. సిరా కాసేపు పళ్ళని నల్లగా చేస్తుంది, ఫోటోలో పడుతుంది. వెల్లుల్లి భయం మాత్రం అక్కర్లేదు, ఇద్దరూ తింటున్నారు కదా.

ఫోటోలు యాంటిపాస్టి దగ్గర తీసుకోండి, అది చల్లారినా ఫర్వాలేదు. వేడి పాస్తా మీద ఫోన్ పెట్టుకుని కూర్చుంటే సాస్ చిక్కబడి అతుక్కుంటుంది. కాచో ఎ పెపె అయితే మరీ ఘోరం. చీజ్, మిరియాలు, పాస్తా ఉడికిన నీళ్ళలోని పిండి, మూడూ వేడి మీద కలిసి సాస్ అవుతాయి. చల్లబడగానే చీజ్ గట్టిపడి తీగలు తీగలుగా, ఉండలుగా విడిపోతుంది.

ఆర్డర్ ఎలా చెప్పాలి? ముందు తాగడానికేదో చెప్పండి. మందు వద్దు కాబట్టి గ్యాస్ ఉన్న నీళ్ళలో నిమ్మ చెక్క, లేదా నిమ్మ, నారింజ సోడాలు. కినోట్టో అనే సోడా దొరికితే ప్రయత్నించండి, చేదు కలిసిన తీపి, భోజనానికి ముందు ఆకలి పుట్టిస్తుంది. నీళ్ళ సీసాకి, రొట్టెకి విడిగా డబ్బు పడొచ్చు, ఆశ్చర్యపోకండి. తర్వాత యాంటిపాస్టి, రిసోట్టో మాత్రమే చెప్పి, ‘ఒకటి పూర్తయ్యాకే రెండోది తీసుకురండి, మాకు తొందర లేదు’ అని స్పష్టంగా అనండి. సెకోండి ఏం కావాలో కూడా అప్పుడే చెప్పొచ్చు, కానీ రిసోట్టో ప్లేట్లు తీశాకే మొదలుపెట్టమనాలి. రొట్టె ముందే తినేసి కడుపు నింపుకోకండి, ఒక ముక్క చివర్లో సాస్ తుడుచుకోవడానికి దాచుకోండి. ఇటలీలో ఇంటి భోజనంలో అందరూ చేసే పనే, మీరూ మొహమాటపడక్కర్లేదు. ఏడింటికి కూర్చుంటే ఏడున్నరకి మొదటి ప్లేటు, ఎనిమిదికి రిసోట్టో, ఎనిమిదిన్నర దాటాక సెకోండి, తొమ్మిదింటికి బల్ల ఖాళీ అవుతుంది.

ఉంగరానికి ఆ తొమ్మిదిగంటలే సరైన సమయం. సెకోండి ప్లేట్లు తీసి, రొట్టె పొడి తుడిచి, డెజర్ట్ మెనూ తెచ్చే మధ్య పది నిమిషాలు బల్ల శుభ్రంగా, చేతులు శుభ్రంగా, వెయిటర్ దూరంగా ఉంటారు. ఫోన్ చేసినప్పుడే ‘ప్లేట్లు తీశాక పది నిమిషాలు మమ్మల్ని వదిలేయండి’ అని చెప్పి ఉంచండి. ‘మావారికి సిగ్గెక్కువ, పాటలు, చప్పట్లు వద్దు’ అని కూడా చెప్పాలి. చెప్పకపోతే నలుగురు వెయిటర్లు కొవ్వొత్తి పట్టుకుని చుట్టూ చేరే ప్రమాదం ఉంది. ప్లేటు మీద చాక్లెట్‌తో పేర్లు రాయించాలనుంటే స్పెల్లింగ్ మెసేజ్‌లో పంపండి, ఫోన్‌లో చెప్తే తప్పు రాస్తారు.

తీపిలో మీకు దారి సన్నం. టిరామిసులో గుడ్డు, గుడ్డు బిస్కెట్లు, తరచు మద్యం కూడా ఉంటాయి. మీగడని గడ్డకట్టించి చేసే పనకోటాలో సాధారణంగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. జబయోనె అంటే పచ్చసొన, మార్సాలా వైన్. జెలాటో అనే ఇటాలియన్ ఐస్‌క్రీమ్‌లో కొన్నిటికి గుడ్డు పడుతుంది, కొన్నిటికి పడదు. నిమ్మ లేక పండ్ల రసాన్ని గడ్డకట్టించి చేసే సొర్బెత్తో మీకు నిక్షేపం. సాధారణంగా పాలు, గుడ్డు లేకుండానే చేస్తారు, బరువైన భోజనం తర్వాత హాయిగానూ ఉంటుంది. మద్యం, గుడ్డు తెల్లసొన కలపలేదు కదా అని మాత్రం ఒకసారి అడగండి. ఆయనకి టిరామిసు కావాలంటే ఆయనది ఆయనకే చెప్పండి. రెండు చెంచాల ముచ్చట కోసం మీ నియమం తప్పక్కర్లేదు.

భోజనం చివర ఇటలీ వాళ్ళు తాగేది ఎస్ప్రెసో, 25, 30 మిల్లీలీటర్ల చిన్న కప్పు. పాలు కలిసిన కాపుచినో వాళ్ళకి పొద్దున్నది. మీకు కావాలంటే అడగండి, ఎవరూ ఏమీ అనరు. నిద్ర పట్టదనుకుంటే డీకాఫ్ ఉంటుంది.

బిల్లు విషయంలో, డెజర్ట్ చెప్పాక చేతులు కడుక్కొస్తానని లేచి కౌంటర్ దగ్గర కట్టేయండి. ఆయన పర్సు తీసే తంతు తప్పుతుంది. సర్వీస్ చార్జీ ఇప్పటికే కలిపారో లేదో చూసి టిప్పు ఎంతో నిర్ణయించుకోండి. మీరు తిరిగొచ్చేసరికి బల్ల మీద రెండు చిట్టి గ్లాసుల్లో పసుపుపచ్చ నిమ్మ పానీయం ఉచితంగా పెట్టి ఉంటే అది లిమొన్చెల్లో. చూడ్డానికి షర్బత్‌లా ఉంటుంది గానీ 25 నుంచి 30 శాతం దాకా ఆల్కహాల్. ఆయన మర్యాదకి గుటుక్కున తాగేసే లోపు చెప్పండి.